గౌతమి మొగలకు చేపపిల్లలు ఎలా చేరతాయి: పోటు, గాలి, వరదనీటి లెక్క

దసరా దాటి తూర్పుగాలి తిరిగే రోజుల్లో యానాం, ఎదుర్లంక, బలుసుతిప్ప, భైరవపాలెం రేవుల్లో చీరమేను అమ్మకం మొదలవుతుంది. గోదావరి తూర్పు పాయ గౌతమి సముద్రంలో కలిసే మొగ దగ్గర నీటి పైపొరలో మందలుగా కదిలే సన్నటి చేపపిల్లలను చీరగుడ్డతోనో, దోమతెరలాంటి వలతోనో ఎత్తి సేర్ల లెక్కన, బకెట్ల లెక్కన అమ్ముతారు. ఏడాదిలో కొన్ని వారాలే దొరికే సరుకు కాబట్టి గిరాకీ బాగా ఉంటుంది. ఏటా పత్రికల్లో వచ్చే వార్తలన్నీ ధర గురించీ రుచి గురించే. అంతకంటే పెద్ద ప్రశ్న ఒకటి ఉంది. సరిగా ఈదడం కూడా రాని ఈ పిల్లలు కోట్ల సంఖ్యలో ఒకే చోటికి, ఏటా దాదాపు అవే రోజులకు ఎలా వస్తున్నాయి?

వాటంతట అవి రావడం లేదు, నీరు తెస్తోంది. ఏ నీరు, ఎటు నుంచి, ఎంత లోతులో, ఏ తిథికి కదులుతోంది అన్నదాన్ని బట్టే ఒక అఖాతంలో చేప ఉంటుందా ఉండదా అన్నది తేలుతుంది. తల్లిచేపలు ఎన్ని గుడ్లు పెట్టాయన్నది అందులో ఒక భాగం మాత్రమే. గోదావరి డెల్టా మత్స్యసంపద గురించి మాట్లాడేటప్పుడు వలలు, బోట్లు, డీజిల్ గురించి చాలా చర్చ జరుగుతుంది. చేప కొన్ని మిల్లీమీటర్ల పొడవున్నప్పుడు నీరు దాన్ని ఏం చేసిందన్నది మాత్రం చర్చకు రాదు. ఆ తర్వాత జరిగేదంతా ఆ దశను దాటి బతికిన వాటితోనే జరుగుతుంది.

సముద్రపు చేపల్లో ఎక్కువ జాతులు గుడ్లను నీటిలోకి వదిలేస్తాయి. గుడ్డు సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది, నీటిలో తేలుతుంది. బంగాళాఖాతంలోని వెచ్చటి నీటిలో చాలా జాతుల గుడ్లు ఒక రోజు అటూఇటుగా పొదిగిపోతాయి. బయటికొచ్చిన లార్వా రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. పొట్ట కింద పచ్చసొన సంచి ఉంటుంది, అది రెండు మూడు రోజులకు సరిపోతుంది. ఆ లోపు నోరు తెరుచుకోవాలి, కళ్లు పనిచేయాలి, చుట్టూ తినదగిన సూక్ష్మజీవులు దొరకాలి. దొరక్కపోతే చస్తుంది. నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ 1914లో ఈ సంగతినే ముందుకు తెచ్చాడు. ఏడాది ఏడాదికీ చేపల పట్టు ఎందుకు అంతగా మారుతుందన్నదానికి జవాబు పెద్ద చేపల్లో కాక ఈ తొలి రోజుల్లో ఉందని, లార్వాలకు తిండి అందకపోవడం ఒక కారణమైతే, ప్రవాహం వాటిని బతకలేని చోటికి తీసుకుపోవడం మరో కారణమని ప్రతిపాదించాడు. శతాబ్దం గడిచినా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే పరిశోధన తిరుగుతోంది.

లార్వాలు పూర్తిగా నిస్సహాయమైనవనుకుంటే కూడా పొరపాటే. ప్రవాహానికి ఎదురీదలేవు, నిజమే. కానీ పైకీ కిందికీ కదలగలవు. కాస్త ఎదిగి ఈతసంచి ఏర్పడ్డాక ఏ లోతులో ఉండాలో ఎంచుకోగలవు. నీరు అన్ని లోతుల్లో ఒకే దిక్కుకు, ఒకే వేగంతో పోదు. అందుకని లోతును ఎంచుకోవడమంటే దిక్కును ఎంచుకోవడమే. కాకినాడ అఖాతం లాంటి చోట లార్వాల పంపిణీ అర్థం కావాలంటే ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

ముందు ఆ చోటు స్వరూపం చూడాలి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి యానాం మీదుగా భైరవపాలెం దగ్గర సముద్రంలో కలుస్తుంది. కలిసేలోపే కోరింగ, గాడేరు అనే చిన్న పాయలు ఉత్తరానికి విడిపోయి, మడ అడవుల గుండా సాగి కాకినాడ అఖాతంలో పడతాయి. అఖాతానికి పడమర కాకినాడ తీరం, దక్షిణాన మడ అడవి, తూర్పున హోప్ ఐలాండ్. ఈ దీవి నిజానికి గౌతమి మొగ నుంచి ఉత్తరంగా పెరుగుతూ వచ్చిన పొడవాటి ఇసుక దిబ్బ. నైరుతి రుతుపవన కాలపు అలలు తీరం వెంట ఇసుకను ఉత్తరానికి నెట్టడం వల్ల గత రెండు వందల ఏళ్లలో ఏర్పడింది. కాబట్టి అఖాతం ప్రధానంగా ఉత్తరం వైపు నుంచే సముద్రంతో కలుస్తుంది. లోపల లోతు చాలాచోట్ల కొన్ని మీటర్లే. బయట అలలు విరుచుకుపడుతున్నా లోపల నీరు సాపుగా ఉంటుంది. తిండి దొరికితే లార్వాకు ఇంతకంటే మంచి చోటు ఉండదు. లోపలికి చేరడం, చేరాక మళ్లీ బయటికి కొట్టుకుపోకుండా నిలవడం దాని ముందున్న సమస్యలు.

నిలవడానికి ముఖ్యమైన ఆధారం పోటు, పాటు. ఈ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటి ఎత్తు తేడా మీటరు దాటుతుంది, అష్టమి దగ్గర బాగా తగ్గుతుంది. నీటితోపాటే తేలే వస్తువు పోటుతో లోపలికి వచ్చి పాటుతో బయటికి పోతుంది, నికరంగా ఎటూ కదలదు. కానీ పోటు ఎక్కేటప్పుడు పైపొరలోకి లేచి, పాటు తీసేటప్పుడు అడుగున బురదకు దగ్గరగా దిగిపోయే లార్వా, అడుగున ప్రవాహం నెమ్మదిగా ఉండటం వల్ల ప్రతి పోటుకూ కొంత దూరం లోపలికి జరుగుతుంది. ఈదే శక్తి పెద్దగా ఖర్చు కాకుండా కిలోమీటర్ల దూరం ప్రయాణిస్తుంది. ప్రపంచంలో చాలా నదీముఖాల్లో చేపలు, రొయ్యలు, పీతల పిల్లల్లో ఈ ప్రవర్తన కనిపించింది. నీటి పీడనం, ఉప్పదనం, మసక ఎలా మారుతున్నాయో పసిగట్టి అవి ఎప్పుడు లేవాలో, ఎప్పుడు దిగాలో తేల్చుకుంటాయని చెబుతారు.

పండుగప్ప దీనికి చక్కని ఉదాహరణ. ఎదిగిన పండుగప్ప నదిలోనూ ఉప్పుటేరులోనూ బతకగలదు కానీ గుడ్లు పెట్టడానికి ఉప్పదనం ఎక్కువున్న మొగ దగ్గరకే వెళ్లాలి. గుడ్లు పెట్టడం పౌర్ణమి, అమావాస్య పోట్లతో ముడిపడి ఉంటుంది. పొదిగిన పిల్లలు పెద్ద పోటుతో మడ అడవుల పాయల్లోకి, వానకాలంలో నిండే పల్లపు మడుగుల్లోకి చేరతాయి. తిథి తప్పితే నీరు అంత లోపలికి ఎక్కదు, పిల్ల ఆ మడుగు చేరదు. డెల్టాలో చెరువుల్లో వదలడానికి పండుగప్ప పిల్లలను ఉప్పుటేళ్లలో పట్టేవాళ్లు తిథి చూసి వెళ్లడానికి కారణం ఇదే. వాళ్ల లెక్క వెనుక భౌతికశాస్త్రం పక్కాగా ఉంది.

పోటు రోజువారీ వ్యవహారమైతే, వరద ఏడాదికోసారి అంతా తిరగరాసేది. గోదావరి ఏడాది ప్రవాహంలో అత్యధిక భాగం జూన్ నుంచి అక్టోబరు మధ్యే వస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు, 2022 జులైలో 25 లక్షలకు పైగా క్యూసెక్కుల వరద పారింది. అలాంటి రోజుల్లో గౌతమి మొగ వరకూ మంచినీరే. ఎర్రనీరు సముద్రంలోకి విసనకర్రలా పరుచుకుని తేలుతుంది, ఉప్పునీరు కింద ఉండిపోతుంది. అంతకుముందు పాయలో ఉన్న లార్వాలు ఒకటి రెండు రోజుల్లో బయటికి తోసుకుపోతాయి. ఎర్రనీటికీ ఆకుపచ్చ నీటికీ మధ్య స్పష్టమైన గీత ఏర్పడుతుంది. బోటులో వెళ్లేవాళ్లకు అది కంటికే కనిపిస్తుంది. రెండు వైపుల నుంచి నీరు ఆ గీత దగ్గరకు చేరి ఒకటి కింద మరొకటి దిగిపోతుంది. తేలే స్వభావం ఉన్నవి మాత్రం అక్కడే పోగవుతాయి: నురుగు, ఆకులు, ప్లవకాలు (నీటితోపాటు కొట్టుకుపోయే సూక్ష్మ జీవులు), వాటితో పాటు లార్వాలు, వాటిని తినడానికి వచ్చే చేపలు. లార్వాకు అక్కడ తిండి ఎంత దండిగా దొరుకుతుందో శత్రువులూ అంతే దండిగా ఉంటారు.

వరద తెచ్చే పోషకాల గురించి ఒక అపోహ బలంగా ఉంది. వరద ఎంత పెద్దదైతే చేప అంత ఎక్కువని చాలామంది అనుకుంటారు. ఒండ్రుతో చిక్కగా ఉన్న నీటిలో ఎండ లోపలికి దిగదు. నైట్రేట్, ఫాస్ఫేట్ ఎంత ఉన్నా వెలుతురు లేకపోతే సూక్ష్మ శైవలాలు పెరగవు, పెరిగిన కొంచెం కూడా ప్రవాహంలో కొట్టుకుపోతుంది. గౌతమి పాయలో నెలనెలా జరిగిన పరిశీలనల్లో శైవలాలు బాగా పెరిగింది వరద ఉధృతిలో కాదు, వరద తీసి, ఒండ్రు కిందికి దిగి, నీరు పొరలుగా నిలిచాక. ఆ శైవలాలను తిని కోపీపాడ్ లాంటి సూక్ష్మ జీవులు పెరగడానికి మరికొన్ని రోజులు పడుతుంది. లార్వా నోటికి సరిపడేవి ఆ కోపీపాడ్‌ల పిల్లలే. అంటే సెప్టెంబరు చివర, అక్టోబరు, నవంబరు. ఈ కాలానికి అందుకునేలా పుట్టిన పిల్లలకు మేత సిద్ధంగా ఉంటుంది. అంతకు చాలా ముందు పుట్టినవి పస్తు పడతాయి. బ్రిటన్ శాస్త్రవేత్త డేవిడ్ కషింగ్ మేత కాలమూ లార్వా కాలమూ కలవడం, కలవకపోవడం మీద చల్లటి సముద్రాలను దృష్టిలో పెట్టుకుని సిద్ధాంతం చెప్పాడు. అక్కడ కాలాన్ని నిర్ణయించేది వసంతకాలపు ఎండ, ఇక్కడ నది. పుట్టిన చోటు వేరైనా ఆ ఆలోచన గోదావరికి చక్కగా సరిపోతుంది.

ఇప్పుడు గాలి సంగతి. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో గాలి నెట్టే పైపొర నీరు నికరంగా గాలి దిశకు కుడివైపు జరుగుతుంది. ఆంధ్ర తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలి దాదాపు తీరం వెంట వీస్తుంది, సముద్రం దానికి కుడివైపు ఉంటుంది. అందువల్ల పైపొర నీరు తీరం నుంచి దూరంగా పోతుంది, పైపొరలో తేలే గుడ్లు, లార్వాలు కూడా దాంతోనే పోతాయి. అక్టోబరులో గాలి తిరిగి ఈశాన్యం నుంచి వీయడం మొదలవగానే కుడివైపు తీరం వస్తుంది. పైపొర నీరు ఒడ్డుకు నెట్టుకొస్తుంది. బయట షెల్ఫ్ మీద, అంటే తీరం వెంట లోతు తక్కువున్న సముద్రంలో, పుట్టిన లార్వాలు తీరానికి చేరే అవకాశం అప్పుడు పెరుగుతుంది. అఖాతం లోపల నీటికి లోతు లేదు కాబట్టి ఈ భూభ్రమణ ప్రభావం అంతగా ఉండదు, అక్కడ గాలి నీటిని నేరుగా తోస్తుంది. వెలుపల మాత్రం ఈ లెక్కే నడుస్తుంది.

అదే సమయంలో మరో రెండు మార్పులు జరుగుతాయి. భారత తూర్పు తీరం వెంట పారే ప్రవాహం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్, మే వరకు ఉత్తరానికి పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి తిరుగుతుంది. అప్పుడు గంగా బ్రహ్మపుత్రల నుంచి, మహానది నుంచి వచ్చిన ఉప్పు తక్కువ నీరు సన్నటి పట్టీలా తీరాన్ని ఆనుకుని దక్షిణానికి సాగుతుంది. ఉత్తరాన ఎక్కడో పుట్టిన పిల్లలు కూడా ఆ పట్టీలో గోదావరి మొగ దాకా రాగలవు. రెండోది, తూర్పు తీరంలో సముద్ర మట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మార్చి, ఏప్రిల్‌లో అడుగంటి, అక్టోబరు, నవంబరు నాటికి కొన్ని పదుల సెంటీమీటర్లు పెరుగుతుంది. మీటరున్నర పోటు ఉన్న చోట ఇది చిన్న సంగతి కాదు. వేసవిలో నీరు అందని మడ అడవి గట్లు, చిన్న కాలువలు అప్పుడు మునుగుతాయి. చేపపిల్ల దాక్కోవడానికి కొత్త చోట్లు తెరుచుకుంటాయి.

ఇవన్నీ ఒకేసారి కలిసొచ్చే వారాలే చీరమేను వారాలు. వరద తగ్గి మేత సిద్ధమవుతుంది, తూర్పుగాలి పైపొరను ఒడ్డుకు నెడుతుంది, తీరప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది, సముద్ర మట్టం ఏడాదిలోకెల్లా ఎత్తులో ఉంటుంది. చీరమేను రాకను తూర్పుగాలితో ముడిపెట్టి చెప్పే మత్స్యకారుల మాట ఈ భౌతిక కారణాలకు చక్కగా సరిపోతుంది. గాలి బలంగా తిరగని ఏడాది, వరద ఆలస్యమై అక్టోబరు నెలాఖరు దాకా ఎర్రనీరు తగ్గని ఏడాది రాక పలచబడుతుందని దీన్నిబట్టి ఆశించాలి. తుపాను వస్తే లెక్క మారుతుంది. 1996 నవంబరులో కాకినాడ, యానాం తీరాన్ని చిదిమేసినలాంటి తుపాను పొరలుగా నిలిచిన నీటిని పైనుంచి అడుగు దాకా కలిపేస్తుంది. గుంపుగా ఉన్న మేత చెల్లాచెదరైతే లార్వాకు దొరికేది తగ్గిపోతుంది. పొరలు స్థిరంగా నిలిచిన నీటిలోనే మేత దట్టంగా ఉంటుందని, తుపాను గాలి దాన్ని చెదరగొడితే లార్వాలు పస్తు పడతాయని అమెరికా పశ్చిమ తీరంలో నెత్తళ్ల మీద పనిచేసిన రూబెన్ లాస్కర్ 1970ల్లో చూపించాడు.

మడ అడవుల పాత్రను ఇక్కడ సరిగ్గా చెప్పుకోవాలి. కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లు, 1978లో ప్రకటించారు. మడ ఆకులు రాలి కుళ్లి అఖాతంలోని జీవులన్నిటికీ తిండి పెడతాయని చాలాచోట్ల రాస్తారు. ఈ అడవుల్లోనే, ఈ అఖాతంలోనే కర్బన ఐసోటోపులతో (తిండి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే పరమాణు ఆనవాళ్లతో) జరిగిన పరిశోధనలు అంత తేలిక జవాబు ఇవ్వలేదు. నీటిలో మడ అడవి నుంచి వచ్చిన సేంద్రియ పదార్థం ఎంతున్నా, జంతుప్లవకాలు దానిలోంచి శైవలాలనే ఏరుకుని తింటున్నట్టు తేలింది. లార్వా తినేది ఆ జంతుప్లవకాలనే. కాబట్టి మడ అడవి విలువ ప్రధానంగా ఆకులో కాక నిర్మాణంలో ఉంది. వేళ్ల మధ్య ప్రవాహం నెమ్మదిస్తుంది, మసక నీటిలో వేటాడే చేపకు పిల్ల కనిపించదు, పెద్ద చేప దూరలేని లోతులేని పాయలు దొరుకుతాయి. ఈ తేడా కేవలం శాస్త్రవేత్తలకు సంబంధించినది కాదు. ఆకే ముఖ్యమైతే ఎక్కడ మొక్కలు నాటినా సరిపోతుంది. నిర్మాణమే ముఖ్యమైతే పాయల నోళ్లు తెరిచి ఉండాలి, పోటు లోపలికి ఎక్కాలి. గట్లు కట్టి పాయను మూసి, గట్టు మీద మడ మొక్కలు నాటితే చేపపిల్లకు ఒరిగేదేమీ లేదు.

పులస కథ దీనికి తలకిందులు. అది సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదుతూ వచ్చి మంచినీటిలో గుడ్లు పెడుతుంది. దాని లార్వాలు నదిలోనే పెరిగి, తర్వాత సముద్రానికి దిగాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పైకి పోయే దారి అక్కడే మూసుకుపోయింది. పోలవరం స్పిల్‌వేలో చేపల కోసం మెట్ల దారి పెట్టారు, మంచిదే. అయితే అది ఎక్కే తల్లిచేపకు సంబంధించిన ఏర్పాటు. దిగే పిల్లకు కావాల్సింది వరద తర్వాత కూడా మెల్లగా, తెగకుండా సాగే నీరు. ధవళేశ్వరం గేట్లు మూసిన రోజు నుంచి దిగువ పాయ నది కావడం మానేసి ఉప్పుటేరు అవుతుంది, మంచినీటి పిల్లకు అది చావే. పులస తగ్గిందన్న మాట ఎక్కడ విన్నా వల గురించే ఆరోపణ వినిపిస్తుంది. డిసెంబరులో మొగకు ఎంత నీరు చేరిందన్నది ఎవరూ అడగరు.

నీటి పరిమాణంతో పాటు ఒండ్రు కూడా మారింది. ఎగువన కట్టిన జలాశయాల వల్ల 1970ల నాటితో పోలిస్తే 1990ల చివరికి గోదావరి డెల్టాకు చేరే ఒండ్రు సుమారు మూడో వంతుకు పడిపోయింది. డెల్టా అంచు కోతకు గురవుతోంది. మొగ దగ్గర ఇసుక తిన్నెలు జరిగితే లార్వాల దారి కూడా జరుగుతుంది. హోప్ ఐలాండ్ కొస ఉత్తరానికి ఇంకా పెరిగితే అఖాతంలోకి, బయటికి నీరు మారే వేగం తగ్గుతుంది. అది లార్వా నిలవడానికి ఒక మేర వరకు మంచిదే. ఆ మేర దాటితే వేడెక్కిన, ఆక్సిజన్ తగ్గిన నీటిలో, రేవు నుంచీ పట్టణం నుంచీ వచ్చే కాలుష్యంతో కలిసి, నిలవడం చావుకు దారి తీస్తుంది.

ఇక వేట నియమాలు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఉంది. పెద్ద చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడటం దాని ఉద్దేశం, దానివల్ల లాభం ఉంది. కానీ ఇప్పటిదాకా చెప్పిన కారణాలన్నీ లార్వాలు తీరానికి చేరే ముఖ్య కాలం అక్టోబరు, నవంబరు అంటున్నాయి. ఆ రోజుల్లో మొగల దగ్గర సన్నకన్ను వలల మీద అలాంటి కాల నియమం ఏదీ లేదు. 1990ల్లో రొయ్యల చెరువులకు టైగర్ రొయ్య పిల్లను ఇదే పాయల్లో పట్టేవాళ్లు, ఒక్క రొయ్యపిల్ల కోసం వలలో పడ్డ ఎన్నో చేపపిల్లలను ఒడ్డున పారేసేవాళ్లు. హేచరీలు పెరిగాక ఆ పని తగ్గింది. చీరమేను వేట దానంత నష్టం కాదనిపిస్తుంది, పట్టిందంతా తింటారు, అమ్ముతారు, కాలమూ కొద్దిదే. పైగా ఆ కొద్ది వారాల సంపాదన మీద ఆధారపడ్డవి చిన్న నావల కుటుంబాలు. పూర్తిగా నిషేధించమనడం అన్యాయం. అయితే లార్వాల్లో వందకు తొంభై తొమ్మిదికి పైగా ఎలాగూ చస్తాయి, పట్టినా నష్టం లేదనే వాదన కూడా సగమే నిజం. మొగ దాకా చేరిన పిల్ల చచ్చిన ఆ తొంభై తొమ్మిదిలోది కాదు. ప్రవాహాన్ని, పస్తును, శత్రువులను దాటి వచ్చింది. దాని ప్రాణం విలువ బయట తేలే గుడ్డు విలువ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అమావాస్య, పౌర్ణమి పెద్ద పోట్లకు మూడు నాలుగు రోజుల చొప్పున వేట ఆపితే, అత్యధికంగా లోపలికి చేరే గుంపులు మడ పాయల్లోకి దాటిపోతాయి, మిగతా రోజుల సంపాదన నిలుస్తుంది. తిథి తెలిసిన వాళ్లకు ఈ నియమం పాటించడం కష్టం కాదు.

దీన్ని ఊహతో కాక లెక్కతో నిర్ణయించాలంటే కొలవాల్సినవి పెద్ద ఖరీదైనవి కావు. అరమిల్లీమీటరు కంటే సన్నటి కన్నున్న జంట వలలను నిర్ణీత లోతుల్లో, పోటుకూ పాటుకూ, పగలూ రాత్రీ లాగాలి. అదే చోట ఉప్పదనం, ఉష్ణోగ్రత, మసక కొలవాలి. లార్వా చెవిరాయిలో రోజుకో వలయం ఏర్పడుతుంది. ఆ వలయాలు లెక్కిస్తే పుట్టిన తేదీ తెలుస్తుంది, ఆ తేదీకి గాలి ఎటు వీచిందో చూస్తే ఎటు నుంచి వచ్చిందో అంచనా కట్టవచ్చు. రెండు మూడు మిల్లీమీటర్ల పిల్లలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి కనుక జాతి తేల్చడానికి డీఎన్ఏ పరీక్ష అవసరం. సేరు చీరమేనులో ఏ జాతి ఎంత పాలు ఉందో, వారం వారం ఎలా మారుతోందో తెలిస్తే ఏ చేప భవిష్యత్తు ఆ బకెట్లో ఉందో తెలుస్తుంది. యానాం రేవులో సీజను పొడవునా వారానికి ఒక నమూనా తీసి దాచినా చాలు. ధవళేశ్వరం నుంచి ప్రతిరోజూ ఎంత నీరు వదులుతున్నారో ఎలాగూ నమోదవుతోంది. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి కొన్నేళ్లు చూస్తే, వరద ముగిశాక మొగకు ఎన్ని రోజులపాటు ఎంత నీరు వదలాలో జలవనరుల శాఖతో మత్స్యకారులు అంకెలతో మాట్లాడగలుగుతారు.